ఖరగ్‌పూర్ వెళ్ళొచ్చిన ఎనిమిదడుగుల కర్ర

సెప్టెంబరు వానల్లో ఎనిమిదడుగుల కర్ర పట్టుకుని రైలెక్కమని నేనెవరికీ సలహా ఇవ్వను. ఎక్కక తప్పనివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను విజయనగరం కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుని. ఖరగ్‌పూర్ మీదుగా ఇంకా బొగ్గింజన్లే నడుస్తున్న రోజులు. మా వర్క్‌షాపు ఫోర్‌మన్ నరసయ్యగారికి కొత్త వస్తువులు కనిపెట్టే జబ్బు ఉండేది. పవర్‌హౌసు కాలవలో నాచు టర్బైను దాకా పోకుండా ఒక జల్లెడ చేశారు. అందులో నాచుకంటే చేపలు ఎక్కువ పడ్డాయి. కాపలావాళ్ళు నాచు తీయడం మానేసి పులుసు వండుకోవడం మొదలెట్టారు. కాకులు ఇన్సులేటర్ల మీద వాలకుండా ఒక గంట చేశారు. మొదటి వారం కాకులు పారిపోయాయి, రెండో వారం గంట వినడానికి వచ్చాయి. ఆఫీసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

మూడోది ఈ కర్ర. బాగా ఎండిన టేకుని అవిసె నూనెలో ఉడికించి, పొర మీద పొరగా వార్నీషు వేసి, చివర ఇత్తడి కొక్కెం బిగించారు. కరెంటు ఆపకుండానే తీగ మీద చిక్కుకున్నదాన్ని దీనితో లాగేయొచ్చు. ఖరగ్‌పూర్‌లో విశ్వకర్మ పూజనాడు ఊరు ఊరంతా గాలిపటాలు ఎగరేస్తారు. తెగిన పటమల్లా తీగల మీదే పడుతుంది. ఒక్కో పటం తీయడానికి ఒక్కో పేట చీకటవుతుంది. అక్కడి కరెంటు కంపెనీ ఇంజనీరు దత్తాబాబు ఈ కర్ర సంగతి విని, పూజకి తెచ్చి చూపించమని రాశాడు.

నరసయ్యగారు ఆ నెలాఖరుకి రిటైరవుతున్నారు. మా పెద్ద ఇంజనీరు తేల్చి చెప్పేశాడు: "బయటి కంపెనీ బాగుందని ఒక్క కాగితం రాసిస్తే ఇది మన పనిముట్ల పుస్తకంలోకి ఎక్కుతుంది. లేకపోతే పొయ్యిలోకి." నరసయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. మా మేనత్త ఖరగ్‌పూర్‌లో ఉంది కనక బస ఖర్చు లేదని నన్ను పంపారు.

బయల్దేరే ముందు ఆయన మూడు నియమాలు చెప్పారు. కర్రకి తడి తగలకూడదు, నేలకి ఆనకూడదు, ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. "చెమ్మెక్కిందంటే కర్రకీ తీగకీ తేడా లేదు బాబూ. పట్టుకున్నవాడు దక్కడు," అన్నారు. నేను తలూపాను.

సాయంత్రం అయిదున్నరకి కలకత్తా మెయిలు ఎక్కాను. మూడో తరగతి. రబ్బరు షీటులో చుట్టిన కర్రని పై బల్లమీద పొడుగునా పడుకోబెట్టి, నేను కింద కూర్చున్నాను. ఎదుటి బల్లమీద ఒక బెంగాలీ పెద్దమనిషి దాన్నే గంటసేపు చూశాడు.

"ఏ చేపకి అంత గాలం?" అని హిందీలో అడిగాడు.

చేపలకి కాదు, గాలిపటాలకని చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. "చేపైతే తినొచ్చు," అని అటు తిరిగి పడుకున్నాడు.

పలాసలో ఎక్కిన ఒక ముసలమ్మ దానికి తడిగుడ్డ తగిలించబోతే కేకేశాను. కటకం దగ్గర జల్లు కొడితే కిటికీలన్నీ మూయించాను. ఉక్కపోతకి పెట్టెంతా నన్ను తిట్టింది.

"కర్రకి రొంప పడతాదేటి బాబూ?" అంది ముసలమ్మ.

బాలాసోర్‌లో టీ తాగి పూరీలు తిన్నాను. ఎనిమిదింటికి ఖరగ్‌పూర్. ఆ ప్లాట్‌ఫారం పొడుగు గురించి విని ఉంటారు. విన్నదానికీ, ఎనిమిదడుగుల కర్ర భుజాన వేసుకుని నడిచినదానికీ తేడా ఉంది. బయట మావయ్య సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన రైల్వే ఆఫీసులో హెడ్‌క్లర్కు. కర్ర రిక్షాలో పట్టలేదు. జెండాలా నిటారుగా పట్టుకుని కూర్చున్నాను. న్యూ సెటిల్‌మెంట్ దాకా దారిపొడుగునా జనం పూజ ఊరేగింపు అనుకుని పక్కకి తప్పుకున్నారు. నాకు కొంచెం గర్వంగానే ఉంది.

చిట్టెమ్మత్త గుమ్మంలోనే ఆపింది. "ఏట్రా సూరీ, తాడిచెట్టు తెచ్చినావు?"

నియమాలు మూడూ వప్పగించాను. అత్త ముఖం వికసించింది. "ఓస్, దీన్ని మడి అంటార్రా! ముప్పై ఏళ్ళుగా ఈ రైల్వే ఊళ్ళో మడి నిలబెట్టినాను, నీ కర్ర మడి నిలబెట్టలేనేటి?"

మధ్యాహ్నం మూడింటికి కర్రని సబ్‌స్టేషనుకి తీసుకెళ్ళాను. దత్తాబాబు సన్నగా, నిదానంగా ఉన్న మనిషి. పరీక్ష పెట్టెకి తగిలించి చూశాడు. ముల్లు ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. "రేపు పదింటికి, సుభాష్‌పల్లి మలుపు దగ్గర. అందాకా మా స్టోరులో ఉంచండి," అన్నాడు.

"మా అత్త ఇంట్లో అయితే ఈగ కూడా వాలదు," అని నేను నవ్వి తెచ్చేసుకున్నాను. అత్త దాన్ని వంటింటి పక్క గదిలో ఎత్తుగా రెండు తాళ్ళకి వేలాడదీసింది. రాత్రి వంకాయ కూర, ధనియాల చారు. నిశ్చింతగా నిద్రపోయాను.

పూజనాడు తెల్లవారేసరికి ఆకాశం నిండా పటాలు. తొమ్మిదింటికి నేనూ కర్రా వెళ్ళాం. సుభాష్‌పల్లి మలుపులో మిఠాయి కొట్టు ఎదుట తీగల మీద ఒక ఎర్రపటం అడ్డంగా చిక్కుకుని ఉంది. కొట్టువాడు ఫ్యాను కింద కుర్చీ వేసుకున్నాడు, అది ఆగుతుందో లేదో చూడాలని. దత్తాబాబు చెప్పగానే లైన్‌మన్ నిమాయ్ రబ్బరు గ్లౌజులు తొడుక్కుని నిచ్చెన ఎక్కాడు. కొత్తగా పెళ్ళయిన కుర్రాడని ఎవరో చెప్పారు. నేను షీటు విప్పి ఠీవిగా కర్ర అందించాను. వార్నీషు ఎండలో నిగనిగలాడుతోంది.

అతను కర్ర పైకెత్తబోతుండగా రిక్షా గంట గణగణమంది. అత్త! మడిచీరతో, ముడైనా వేసుకోని జుట్టుతో, రిక్షా ఆగకముందే దూకేసింది.

"నామో! నామో! ఉతరో! ఒరే సూరీ, దింపరా ఆ పిల్లణ్ణి!"

మూడు భాషల్లో ఏది అర్థమయిందో గానీ నిమాయ్ కర్ర దించేశాడు.

అత్త నిచ్చెన పట్టుకుని రొప్పుతూ చెప్పింది. తన మడికర్రని చెదలు తినేశాయట. పొద్దున్న స్నానం చేసి, పిండని చీరని పైనున్న దండెం వెదురు మీదికి ఎక్కించడానికి ఇంట్లో ఎవరూ ముట్టని కర్ర ఇదొక్కటే కనిపించిందట. నీళ్ళు కర్రంతా కారాయి. తుడిచి మళ్ళీ షీటులో చుట్టేసింది. నేను వెళ్ళాక మావయ్య మాటల్లో, తడి కర్రయితే మనిషి మాడిపోతాడని అన్నాడట.

"తడి తగలకూడదని చెప్పాను కదా!" అని అరిచాను. నాకు ముందొచ్చింది సిగ్గు కాదు, కోపం. ఊరంతా చూస్తోంది.

"మైల తడి అనుకున్నాన్రా. మడిబట్ట తడి కూడా తడేనేటి?" అంది అత్త. తరవాత గొంతు తగ్గించి, "మనిషి పోతాడని సెప్పినావా నాకు?" అంది.

చెప్పలేదు.

దత్తాబాబు కర్రని సబ్‌స్టేషనుకి తీసుకెళ్ళాడు. అత్తా నేనూ వెనకే వెళ్ళాం. ఈసారి ముల్లు నిన్నటి చోటికి సగం దూరం కూడా రాలేదు. నిమాయ్‌ని పిలిచి అది చూపించాడు. నిమాయ్ చూసి, గ్లౌజులు విప్పేశాడు. బయటికి వచ్చి అత్త కాళ్ళకి దండం పెట్టాడు. అత్త అలవాటుగా వెనక్కి జరగబోయి, ఆగిపోయింది. అతని తలమీద చెయ్యి వేసింది.

తిరుగు రిక్షాలో, "మడి పోయింది కదా అత్తా," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"మళ్ళీ మునిగితే మడి వస్తాది. ఆ పిల్లడొస్తాడేటి?"

ఇక కాగితం మాట అడిగే మొహం నాకు లేదు. నరసయ్యగారికి ఏం చెప్పాలో తోచక అన్నం ముందు కూర్చుని ఏడ్చినంత పని చేశాను. అత్త గరిటె పక్కన పెట్టింది. "తడిస్తే ఆరబెట్టడమే కదా! వానల్లో పిల్లల గుడ్డలు ఆరబెట్టలేదేటి?"

సాయంత్రానికి న్యూ సెటిల్‌మెంట్‌లోని తెలుగిళ్ళ నుంచి నాలుగు కుంపట్లు, నాలుగు వెదురు బుట్టలు వచ్చాయి. రైలు బొగ్గు సన్నగా రాజేసి, బుట్టలు బోర్లించి, వాటిమీద కర్రని పొడుగునా పరిచారు. ఆడవాళ్ళు వంతులు వేసుకుని గడియకోసారి తిప్పారు. ఒకావిడ అలవాటు చొప్పున సాంబ్రాణి కూడా వేసింది. రెండు రోజులు నన్ను ఆ వసారా ఛాయలకి రానివ్వలేదు. నా సెలవు పొడిగించమని మావయ్య టెలిగ్రాం ఇచ్చాడు.

మూడోరోజు పదింటికి దత్తాబాబు కర్ర వాసన చూసి, "గుళ్ళోంచి తెచ్చారా?" అని అడిగాడు. పరీక్ష పెట్టాడు. ముల్లు మొదటి రోజుకంటే ఒక గీత పైన ఆగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. తరవాత కుంపట్లెన్ని, బుట్టలెన్ని, ఎంత ఎడం, ఎంత సెగ అని నన్ను అడిగాడు. నాకు ఒక్కటీ తెలియదు. దత్తాబాబు తనే మా అత్త ఇంటికి వచ్చి ఆవిణ్ణే అడిగి నోటుబుక్కులో రాసుకున్నాడు.

పన్నెండింటికి నిమాయ్ మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. ఎక్కే ముందు, మాతో వచ్చిన అత్త వైపు చూశాడు. అత్త "ఠీక్ హై, ఎక్కు నాయనా," అంది. కొక్కెం దారాన్ని అందుకుంది, ఒక్క గుంజుకి ఎర్రపటం కింద పడింది. మిఠాయి కొట్టులో ఫ్యాను తిరుగుతూనే ఉంది. కొట్టువాడు అందరికీ తలో రసగుల్లా పెట్టాడు. అత్త తినలేదు గానీ వద్దనీ అనలేదు, దొన్నెలో ఇంటికి తెచ్చుకుంది.

ఆ సాయంత్రమే మెయిలెక్కాను. ఖరగ్‌పూర్ వెళ్ళేవాళ్ళు న్యూ సెటిల్‌మెంట్‌లో చుట్టాలుంటే అక్కడే దిగండి. భోజనం బాగుంటుంది, తెలుగు మాట చెవిన పడుతుంది. ఆ ఊళ్ళో మనకి తెలియని సంగతి మనవాళ్ళకి తెలిసి ఉంటుంది. మీరొచ్చిన పని మాత్రం వాళ్ళకి కాస్త వివరంగా చెప్పండి.

రైలు కదిలాక, దత్తాబాబు ముద్ర వేసి ఇచ్చిన కాగితం తీశాను. కర్ర కనిపెట్టినవారు ఫోర్‌మన్ నరసయ్య అని ఉంది. పది కర్రలు కావాలని ఉంది. నెలాఖరుకి ఇంకా పది రోజులుంది, నరసయ్యగారు దాన్ని స్వయంగా పెద్ద ఇంజనీరు బల్లమీద పెట్టొచ్చు. కింద ఇంకో పేరా ఉంది. వానాకాలంలో కర్రలు ఆరబెట్టడానికి నాలుగు కుంపట్ల పద్ధతి, కనిపెట్టినవారు న్యూ సెటిల్‌మెంట్ వాస్తవ్యురాలు శ్రీమతి చిట్టెమ్మ, దీన్ని కంపెనీ వెంటనే అమలు చేస్తోంది అని.

బాలాసోర్ దాకా దాన్ని నాలుగుసార్లు చదివాను. అంత దూరం కర్ర మోసుకొచ్చినవాడి పేరు ఎక్కడా లేదు. ముందు మనసు చివుక్కుమంది. తరవాత, నా పేరు రాయాల్సి వస్తే నేను చేసిన పని కూడా రాయాలి కదా అనిపించి, కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాను.