పెరటి గుంట చేపలు

పుంగనూరు కంసాలుల వీధి కాలువ మట్టి తెచ్చి, పాదరసం కలిపి కడిగి, బంగారు రజను తీయడం రఫీక్ పని. ఆ కడుగు నీళ్లు పెరటి గుంటలో పారబోయడంతో అతని భార్య మునీరాకు తెల్లవారేది. నిరుడు అతను పోయాక ఆ పని మారింది. ఇప్పుడు పొద్దున లేవగానే, పిల్లలు గాలాలు వేయకుండా ఆ గుంట చుట్టూ ముళ్లకంప సరిచేస్తుంది. వేలికి ముల్లు దిగితే కొంగుతో తుడుచుకుని మళ్లీ వంగుతుంది. అంగళ్లు ఊరి కాలేజీలో చదివే కూతురు సబా చెప్పిన మాట ఆమె మనసులో నాటుకుపోయింది. గాలి చొరని అడుగు బురదలో కంటికి కనబడని క్రిములు పాదరసాన్ని ఇంకా చెడ్డ విషంగా మారుస్తాయట. అది చేపల ఒంట్లో చేరి, తిన్నవాళ్ల ఒంట్లోకి వస్తుందట. చివరి రోజుల్లో రఫీక్ చేతులు వణికింది అందుకేనా అంటే ఎవరూ తేల్చి చెప్పలేదు.

రఫీక్ పోయి ఏడాదైనందుకు చదివించే ఫాతిహా నాడు మరిది జమీర్ కంప తప్పించి, గుంటలో చేపలు పట్టి తెచ్చాడు.

“అన్నకు ఇష్టం గదా భాభీ. తోమి పులుసు పెట్టు, పిల్లోళ్లూ తింటారు.”

“ఆ గుంటవి వద్దప్పా.”

“కనపడని పురుగులకు భయపడతాండావా? అన్న ఇన్నేండ్లు తిన్లేదా?”

“తిన్న్యాడు. వడ్డించింది నేనే గదా. ఇంగ ఎవురికీ వడ్డించను.”

జమీర్ బూడిద, కత్తిపీట ఆమె ముందుకు జరిపాడు. మునీరా లేచి ఫాతిహాకు పప్పు ఎసట్లో పోసింది. చేపలను మాత్రం తోమలేదు. పిల్లి కూడా ముట్టకుండా చేపల గిన్నెకు మూతేసి, మీద రాయి పెట్టింది.