మూడో తీగ

కోరుట్లలో గౌస్ ఇంటికి బాగుచేయడానికి వచ్చిన ఏ వస్తువూ రెండు కడ్డీల ప్లగ్గుతో తిరిగి వెళ్లలేదు. రేడియో కావచ్చు, టేపు కావచ్చు, ఇస్త్రీపెట్టె కావచ్చు. అడిగినా అడగకపోయినా ఆయన దానికి మూడో తీగ కలిపేవాడు. దారితప్పి ఇనుప చట్రంలోకి చేరిన కరెంటును మనిషి ఒంట్లోకి పోనీయకుండా నేలలోకి దింపే తీగ అది. ప్లగ్గు దగ్గర అది జారకుండా ఆకుపచ్చ దారంతో ముడి వేసేవాడు. ఆ ముడిని చూసి, పని గౌస్‌దని జగిత్యాల దుకాణాల వాళ్లు కూడా గుర్తుపట్టేవారు.

ఈ పట్టుదల వెనక ఒక చావు ఉంది. ఆయన అన్న ఫిరోజ్ మైకుసెట్టు కిరాయికి తిప్పేవాడు. కొడిమ్యాలలో ఒక పెళ్లిలో మైకు పట్టుకుని "హలో" అన్నాడు, మళ్లీ అనలేదు. మైకు చెడిపోయిందని జనం స్పీకరు వైపు చూశారు. మనిషి కూలిపోయేదాకా ఎవరూ ఆయన వైపు చూడలేదు. ఆ సెట్టుకు మూడో తీగ లేదు.

గౌస్ గొప్ప మెకానిక్ అని నేను చెప్పను. ఆయన కంటే చురుకైన చేతులు ఆ బజారులోనే ఉన్నాయి. అయితే దుఃఖాన్ని నియమంగా మార్చుకుని, దాన్ని రోజూ పాటించిన వాళ్లు అరుదు. నియమంలో ఒక అపాయం ఉంది. పాటించిన కొద్దీ అది ఆలోచన నుంచి చేతిలోకి దిగిపోతుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ ప్రశ్నించరు, పాటించేవాడు అసలే ప్రశ్నించడు.

సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. బస్సులు డిపో దాటడం లేదు. గనుల్లో బొగ్గు ఆగిపోయి, కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలియని స్థితి. జగిత్యాల రోడ్డు పక్కన దీక్షా శిబిరం వెలిసింది. అక్కడి పాటలకు గిటారు వాయించే దావీదు ఒక మధ్యాహ్నం ఆటోలో బరువైన పెట్టె తెచ్చి గౌస్ ఇంటి ముందు దించాడు. సిరిసిల్లలో ఒక చర్చి అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న గిటారు ఆంప్లిఫయరు. లోపల ట్రాన్సిస్టర్లు కావు, గాజు వాల్వులు.

"చాచా, గిది బతుకుతదా?"

"మనిషా బతుకనీకి? ముందు మూత తియ్యి."

మూత తీస్తే ఎలుక కట్టుకున్న పీలికల గూడు, ఉబ్బి పగిలిన కండెన్సర్లు, మసి పట్టిన వాల్వులు. గౌస్ ఎడమచేతిని జేబులో పెట్టుకుని కుడిచేత్తో మాత్రమే లోపల తడిమేవాడు. ఇటువంటి యంత్రాల కండెన్సర్లలో ప్లగ్గు తీసిన తర్వాత కూడా కరెంటు దాగి ఉంటుంది. రెండు చేతులూ పెడితే అది గుండె మీదుగా దారి వెతుక్కుంటుంది. కరెంటు ఉన్నంతసేపు అతుకుపని, లేనప్పుడు వాల్వుల కాళ్లు తుడవడం. జగిత్యాల నుంచి కొత్త కండెన్సర్లు తెప్పించాడు. పాత ప్లగ్గును కోసి పారేసి, మూడు తీగల వైరు వేసి, ఆకుపచ్చ ముడి బిగించాడు.

పరీక్ష రోజున ఆంప్లిఫయరుకూ గోడ ప్లగ్గుకూ మధ్య ఒక బల్బు కలిపాడు. లోపల తీగలు ఎక్కడైనా కలిసిపోయి ఉంటే బల్బు భగ్గుమంటుంది. అంతా సవ్యంగా ఉంటే వెలిగి మెల్లగా మసకబారుతుంది. ఇద్దరూ బల్బు వైపే చూస్తున్నారు. బల్బు మసకబారింది.

"టెంటు కాడ గూడ బల్బు గిట్లనే మందమైతది చాచా," అన్నాడు దావీదు. "గప్పుడు ముత్తవ్వ నేలల దిగగొట్టిన రాడ్డు మొదట్ల బిందెడు నీళ్లు పోస్తది. మల్ల ధగధగమంటది. మేమేమో ఉపాసముంటున్నం, రాడ్డు మాత్రం మంచిగ తాగుతున్నది."

గౌస్ నవ్వాడు. మాట చెవిన పడింది, లోపలికి దిగలేదు. అప్పుడే వాల్వుల్లో నిప్పుకణాల వంటి ఎరుపు పాకుతున్నది. దావీదు తీగ మీటితే వాకిలి అవతల కూర్చున్న గౌస్ భార్య జమాలున్నీసా గుండె మీద చేయి వేసుకుంది.

"అజీ, ఇల్లు కూలుతదా ఏంది?"

ఆంప్లిఫయరు శిబిరానికి వెళ్లింది. మరునాటి సాయంత్రం దావీదు ఫోను చేశాడు.

"చాచా, నిన్న మంచిగనే ఉండె. ఇయ్యాల గిటారు తీగలు చీమలు కుట్టినట్టు కుడుతున్నయి."

"బోర్డుకు మూడో రంధ్రం ఉన్నదా?"

"ఉన్నది. మా లైట్ల రవే పెట్టిండు. ఇప్పుడు కరెంటు పోయింది, వస్తే వాయించాలె. ఇయ్యాల పెద్ద లైట్లు గూడ తెచ్చిండ్రు."

"మూడో రంధ్రం ఉంటే ఏం గాదు," అని గౌస్ ఫోను పెట్టేశాడు. తన జీవితమంతా నమ్మిన మాట అది.

జమాలున్నీసా డబ్బాలోని పుదీనాకు చెంబుతో నీళ్లు పోస్తున్నది. వానలు వెనకబట్టి మన్ను నెరలిచ్చింది. పోసిన నీరు పోసినట్టే ఇంకిపోతున్నది. ఆ చప్పుడు వింటూ ఆయన కూర్చున్నచోటే బిగుసుకుపోయాడు. రాడ్డు. నీళ్లు.

రవి శిబిరానికి దీపాలు పెట్టిన మనిషి. మా ప్రాంతంలో తొందరపనికి అందరూ చేసేదే అతనూ చేశాడు: స్తంభం మీది ఒక తీగకు కొండి తగిలించాడు, రెండో తీగకు బదులు భూమిలో ఇనుప రాడ్డు దిగగొట్టాడు. దీపాల గుండా వచ్చిన కరెంటు అంతా ఆ రాడ్డు ద్వారా నేలలోకి పోవాలి. నేల తడిగా ఉంటే పోతుంది. ఎండితే పోలేక రాడ్డులోనే నిలుస్తుంది. బోర్డులోని మూడో రంధ్రాన్ని కూడా రవి అదే రాడ్డుకు కలిపి ఉంటాడు. అంటే మనిషిని కాపాడవలసిన తీగ, నిలిచిన కరెంటును ఆంప్లిఫయరు చట్రంలోకి, గిటారు తీగల్లోకి, తిన్నగా మనిషి చేతికి తెచ్చి ఇస్తుంది. పెద్ద దీపాలు వెలిగితే అది చీమకాటుతో ఆగదు.

గౌస్ మళ్లీ ఫోను చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. సైకిలు తీశాడు.

శిబిరంలో ఇంకా కరెంటు రాలేదు. పొద్దు వాలుతున్నది. వేదిక మీద అమరుల ఫొటోలు ఉన్నందున ఎవరూ చెప్పులతో అక్కడికి పోరు. దావీదు వట్టి కాళ్లతో, మట్టి మీద, గిటారు ఒళ్లో పెట్టుకుని కరెంటు కోసం చూస్తున్నాడు.

"గిటారు కింద పెట్టు బేటా!"

"కరెంటే లేదు గద చాచా, ఏం కుడుతది?" అంటూ దీపాల దగ్గరున్న రవి నవ్వాడు. "చాచాకు పాట నచ్చలేదు, ఇంకేంది."

"చెప్పిన గద, పెట్టు!"

ఆ గొంతు దావీదు ఎన్నడూ విననిది. గిటారును ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టి లేచాడు. అతను రెండడుగులు వేశాడో లేదో కరెంటు వచ్చింది. పెద్ద దీపాలు అన్నీ ఒక్కసారిగా, కానీ ఎర్రగా, నీరసంగా వెలిగాయి. గౌస్ చొక్కా జేబులోంచి టెస్టర్ తీసి గిటారు తీగకు ఆనించాడు. టెస్టర్ గాజులో నిప్పు రాజుకుంది. అది స్తంభం తీగ మీద వెలిగినట్టే వెలుగుతున్నది.

దావీదు తన చేతివేళ్లను చూసుకుంటున్నాడు.

ముత్తవ్వ బిందెతో రాడ్డు వైపు నడుస్తున్నది, తడి కాళ్లతో.

"ఆగవ్వా! దాని దగ్గరికి పోకు!" గౌస్ అరిచాడు.

"నేనేం చేసిన కొడుకా? రోజు పోస్తనే ఉన్న గద. దానికి దూప అయితుంది."

రవి వెదురు గడతో కొండిని దించాడు. శిబిరం మసక చీకట్లో మునిగింది. అప్పటికే పాడటానికి లేచి మైకు స్టాండు మీద చేయి వేయబోతున్న సత్యవ్వ విసుక్కుంది: "నా పాట రాంగనే లైట్లు తీస్తరు. పగబట్టిండ్రా ఏందిరా?"

గౌస్ సెల్‌ఫోను వెలుగులో మైకుసెట్టు వైరును చేత్తో తడుముతూ ప్లగ్గు దాకా వచ్చాడు. అక్కడ తను ఎప్పుడో వేసిన ఆకుపచ్చ దారం ముడి ఉంది. కొంచెం వెలిసింది, కానీ జారలేదు. తన పని ఎప్పుడూ జారేది కాదు.

ఆయన ఆ ముడిని బొటనవేలితో తడిమాడు. అన్న చేతిలోని మైకుకు లేనిది దీనికి ఉంది.

"రవీ, మేడిపల్లి టెంటుకు లైట్లు పెట్టింది ఎవలు?"

"నేనే." రవి వెదురు గడను నేల మీద పెట్టాడు.

"రాడ్డేనా?"

"రాడ్డే చాచా."

"ఆడ మైకుసెట్టు ఎవలు బాగుచేసిండ్రు?"

రవి దావీదు వైపు చూశాడు, తర్వాత నేల వైపు. "నువ్వే గద చాచా."

దావీదు అప్పటికే మేడిపల్లికి ఫోను కలిపి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మేడిపల్లి వైపు రోడ్డు వెంట దూరంగా ఇళ్లలో దీపాలు వెలిగే ఉన్నాయి. అంటే ఆ వైపున కూడా కరెంటు వచ్చింది. ఫోను మోగుతున్నది. గౌస్ సైకిలు వైపు నడిచాడు. ఆయన వెనక ఫోను ఇంకా మోగుతూనే ఉంది; ఎవరూ ఎత్తడం లేదు. అక్కడ పాట సాగుతున్నట్టుంది.