ఇంట్లో ముడన్నది ఉండకూడదు

నా మొదటి కాన్పు ఏలూరులో, ఆసుపత్రిలో జరిగింది. పందొమ్మిది వందల ముప్పైల నాటి మాట. మా కొల్లేటి లంకలో అప్పటికి ఏ ఆడదీ ఆసుపత్రి మొహం చూడలేదు. మా ఆయనకు ఏలూరులో మిల్లు పని. నెలలు నిండే వేళకు కొల్లేరు పొంగి పుట్టింటికి దారి లేకపోయింది. అలా నేను ఇనప మంచం ఎక్కాను. కాన్పయ్యాక ఆగని నెత్తురు ఆపి నన్ను బతికించింది అక్కడి డాక్టరమ్మే. ఆ మాట మాత్రం నేను లంకలో ఎవరికీ చెప్పలేదు.

బిడ్డనెత్తుకుని పుట్టింటికి వచ్చాక చెప్పినవన్నీ వేరే. అక్కడ పేరు పెట్టి పిలవరనీ, మంచం నంబరుతో పిలుస్తారనీ, అరిస్తే కసురుతారనీ చెప్పాను. అంతవరకు నిజమే. వినేవాళ్ళు నోరు తెరుచుకుని వింటూంటే నాకు ఊపొచ్చింది. కాళ్ళూ చేతులూ మంచానికి కట్టేస్తారనీ, మగ డాక్టర్లు వరసగా వచ్చి చూసిపోతారనీ కూడా కలిపాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఎలాంటిదో నాకు అప్పుడు తెలియదు.

వినేవాళ్ళలో మా చెల్లెలు ఉంది. తొలిచూలు, పురిటికి వచ్చింది. దాని మొగుడు ఏలూరు తీసుకెళ్తానని పట్టుబడుతున్నాడు.

"నిజం చెప్పవే అక్కా, కట్టేస్తారా?" అని ఇద్దరమే ఉన్నప్పుడు అడిగింది.

నవ్వి ఊరుకున్నా బాగుండేది. "నీ మీదొట్టు" అన్నాను.

ఆ తర్వాత అది ఆసుపత్రి మాట ఎత్తనివ్వలేదు.

నొప్పులు మొదలైన మర్నాడు పొద్దున్నే మా మరిది, చెల్లెలి మొగుడే, పక్క లంక నుంచి మంత్రసానిని పడవలో తీసుకొచ్చాడు. మమ్మల్నందరినీ భూమ్మీద వేసిన చెయ్యి ఆవిడది. చెల్లెలి తల ఒళ్ళో పెట్టుకుని, నడుముకు ఆముదం రాస్తూ, "మా తల్లే, మా బంగారమే, ఇంకాస్త ఓర్చుకో" అంటూ కూర్చుంది. ఆసుపత్రిలో నాకు అలాంటి చెయ్యి దొరకలేదు. అది చూసి, నేనాడిన అబద్ధం మంచికే అయిందని అనుకున్నాను. సిగ్గులేకుండా అనుకున్నాను.

పొద్దెక్కినా బిడ్డ కదల్లేదు. అమ్మ లేచింది.

"ఇంట్లో ముడన్నది ఉండకూడదు. అన్నీ విప్పెయ్యవే" అంది.

కాన్పు కష్టమైతే మా ఇళ్ళల్లో అదే చేసేవారు. ముడి విడితే కడుపు విడుతుందని నమ్మకం. జడలు విప్పాం. ట్రంకుపెట్టె మూత తీశాను. దండెం విప్పాను. నా బిడ్డ ఉయ్యాల విప్పి వాణ్ణి నేల మీద పడుకోబెట్టాను. చేపలు పట్టేవాళ్ళ ఇల్లు, వలల నిండా ముళ్ళే. వాటిని విప్పే దారిలేక అమ్మ వలలన్నీ ఈడ్చి వాకిట్లో పారేసింది.

ఇంకేం మిగిలిందా అని చూస్తే రేవులో మరిది కట్టిన పడవ కనపడింది. ఎవరూ చెప్పలేదు. నేనే వెళ్ళి గుంజకున్న తాడు విప్పాను. పడవ ముక్కు బురదలో ఉందిగా, ఎక్కడికి పోతుందిలే అనుకుని ఇంట్లోకి పరిగెత్తాను.

కాసేపటికి మంత్రసాని చేతులు తుడుచుకుంది. "బిడ్డ అడ్డం తిరిగిందమ్మా. ఇది నా చేతిలో లేదు. ఏలూరు తీసుకుపోండి. ఇప్పుడు బయల్దేరితే అందుకుంటారు" అంది.

ఆ మాట ఆవిడ నోటి నుంచి వస్తుందని ఎవరం అనుకోలేదు. చెల్లెలు నా వంక చూసింది.

"కట్టేసినా పర్లేదే అక్కా, తీసుకెళ్ళండి" అంది.

మంచంతో సహా మోసుకుని రేవుకు వెళ్ళాం. పడవ లేదు. దూరంగా కిక్కిస పొదల అవతల, గాలికి కొట్టుకుపోతూ కనపడింది. నాన్న పడవతో సహా ఊళ్ళో మిగతావన్నీ వేటకు పోయాయి. మరిది నీళ్ళలోకి దూకాడు. కిక్కిసలో చిక్కుకుని, మునిగి, లేచి ఈదుతున్నాడు. చెల్లెలు నా చెయ్యి పట్టుకునే ఉంది. ఎండ వాలేసరికి ఆ పట్టు వదిలింది. బిడ్డ లోపలే ఉండిపోయింది.

ఒళ్ళంతా గీరుకుపోయి మరిది పడవ తెచ్చేసరికి చేసేదేం లేదు. తాడు చేతిలోకి తీసుకుని చూశాడు. ఎక్కడా తెగలేదు.

"ముడి నేనే వేశానండీ అత్తయ్యా. గట్టిగానే వేశాననుకున్నానండీ" అంటూ బురదలో కూలబడ్డాడు.

అమ్మ మొహం తిప్పుకుంది. ఆసుపత్రి గురించి అంత వాగిన నా నోరు అప్పుడు పెగల్లేదు. దినాలయ్యాక చెబుదామనుకున్నాను. అమ్మ పోయాకైనా చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

మా మరిది మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. మా రేవుకు వచ్చినప్పుడల్లా పడవను గుంజకు రెండు ముళ్ళు వేసి కట్టేవాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి వెళ్ళి, లాగి చూసుకునేవాడు. నేను గట్టు మీద ఉంటే నన్నే అడిగేవాడు.

"గట్టిగానే ఉంది కదండీ వదినా?"

"ఉందయ్యా" అనేదాన్ని.