గుమ్మం దగ్గర్నుంచి లెక్క

మా వెల్దుర్తి సోషల్ టీచరమ్మ పోయిన వారం గుండెపోటుతో కన్నుమూశారు. ఆవిడ పోయినందుకు ఏడ్చాను. ఆవిడని సాగనంపిన తీరు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతోంది, అన్నం సయించడం లేదు.

ఆవిడ క్లాసులో గ్లోబు మీద దారం పట్టించి దేశాల మధ్య దూరాలు కొలిపించేవారు. కొలిచే ముందు చీర చెంగుతో సముద్రాలన్నీ శుభ్రంగా తుడిచేవారు. ఒకసారి మన ఊరి నుంచి లండన్‌కి ఎంతసేపు పడుతుందో రాయమన్నారు. అందరం విమానం ఎగిరే గంటలే రాశాం.

"ఏందిరా, మీరంతా రన్‌వే మీద పుట్టారా? గుమ్మం దగ్గర్నుంచి లెక్కపెట్టండి. మ్యాపులో మాచర్ల జానెడే, బస్సు రావొద్దూ?" అని తిట్టారు. తిట్టినందుకు తనే బాధపడి, జామకాయ ముక్కలకి ఉప్పూ కారం అద్ది అందరికీ పెట్టారు. ఈరోజు నేను ఎక్కడికైనా వేళకి చేరుతున్నానంటే అది ఆవిడ చలవే.

ఆవిడ పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక చెల్లెల్ని తనే పెంచి, నర్సింగ్ చదివించారు. ఆ చెల్లెలు డబ్లిన్‌లో ఉంటుంది. కబురు తెలియగానే బయల్దేరింది. దుబాయ్‌లో దిగి నాకు మెసేజ్ పెట్టింది: "ఇక్కడ విమానం మారాలి. చీకటి పడేసరికి వస్తా. నేను చూసేదాకా అక్కని తియ్యనివ్వొద్దు."

పందిట్లో అది చదివి వినిపించాను. మా చర్చి సంఘపెద్ద ఆవిడ క్లాసులో నాతోపాటు ఒకే బెంచీలో కూర్చుని చదివినవాడు. ఫోన్లో రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొట్టి అందరికీ చూపించాడు.

"డబ్లిన్ నుంచి హైదరాబాదు పదిన్నర గంటలే. రాత్రనగా ఎక్కింది, ఈపాటికి ఇంట్లో ఉండాల. దుబాయ్‌లో ఏం పని ఈమెకి? బంగారం కొంటందేమో!"

శవం పక్కన నిలబడి నవ్వారు. అందులో సగంమంది ఆవిడ దగ్గర చదివినవాళ్లే. ఛీ, ఇవీ మొహాలేనా అనిపించింది.

"ఒరేయ్, విమానం దిగినాక కూడా బోలెడంత రోడ్డుంది. ఫ్రీజర్ పెట్టె ఉంది, కరెంటుంది. మీకేం పోయింది?" అన్నాను.

"బిర్యానీ చల్లారిపోద్దిరా. చానామందికి వండించాం," అన్నాడు.

పాస్టరుగారు కూడా వాచీ చూసుకున్నారు. ఇంకేముంది, ఎండ తగ్గకముందే మట్టి చేసేశారు. అక్కణ్నుంచి నేరుగా విస్తళ్ల ముందు కూర్చుని, ముక్క మెత్తగా ఉడికిందని మెచ్చుకున్నారు.

చెల్లెలు చెప్పినట్టే చీకటి పడుతుండగా కారు దిగింది. విమానంలో పెట్టుకునే దిండు ఇంకా మెడకే ఉంది. ఖాళీ పెట్టె చూసి సమాధుల దొడ్డి వైపు నడిచింది. నేనూ వెంట వెళ్లాను. సంఘపెద్ద పుల్లతో పళ్లు కుట్టుకుంటూ వెనకే వచ్చాడు.

"మొత్తం ఎన్ని గంటలు పట్టిందమ్మా?" అని అడిగాడు.

ఆమె కొత్త మట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుని, "తల ఎటు పక్కుంది?" అంది.

వాడు నోట్లోంచి పుల్ల తీసి, దాంతోనే చూపించాడు.