ఆమె సాలు నేను ఏరిన కాలం

మిరప తోటలో ఎవరి సాలు వారిది. పొద్దున దిగేటప్పుడే మేస్త్రి అక్క వరుసలు పంచి పెడుతుంది. ఒక సాలులో మనిషి వెనకబడితే, పక్క సాలు మనిషి తన చెట్టుతో పాటు ఆమె చెట్టువి కూడా చేతికందిన కాయలు తెంపి, ఆమెను తన సరసకు తెచ్చుకుంటుంది. దానికి పేరు లేదు. చేసినామె చెప్పుకోదు, చేయించుకున్నామె మొక్కదు. జ్వరం నుంచి లేచి వచ్చిన మనిషికో, పాలు తాగే పిల్లను ఇంట్లో వదిలి వచ్చిన తల్లికో ఒక రోజు, మహా అయితే మూడు రోజులు అట్లా చేస్తాం. నేను ఒక మనిషికి నెలల తరబడి చేశాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. ఆ మనిషి ఇప్పుడు లేదు.

మాది భూపాలపల్లి జిల్లాలో ఘనపూర్ వైపు ఊరు. ఆమె ఇల్లు మా ఇంటికి రెండు గడపల అవతల. ఇద్దరం ఒకే ఏడు కోడళ్లుగా వచ్చాం. నాకన్నా ఏడాది చిన్నది. నేను మూడో తరగతి దాకా పోయి మానేశాను, అక్షరాలు కూడబలుక్కుంటే తప్ప ముందుకు సాగవు. ఆమె పది దాకా చదివింది. ఆమె దగ్గర ఒక నవల ఉండేది. ఘనపూర్‌లో కిరాణా కొట్టాయన పొట్లాలు కట్టడానికి చింపుతుంటే అడిగి తెచ్చుకుందట. అట్ట లేదు, ముందు పేజీలు లేవు. పేరేమిటో, రాసిందెవరో ఇద్దరికీ తెలియదు.

ఎండిన మిరపకాయలకు తొడిమెలు తీసే రోజుల్లో మా అరుగు మీద కూర్చుని ఆమె చదివేది, నేను ఆమె వాటా కాయలకు కూడా తొడిమెలు తీసేదాన్ని. చదివినందుకు అదే కూలి. నాకు దేవుడు చదువు ఇవ్వలేదు గానీ విన్నది మరిచిపోని బుర్ర ఇచ్చాడు. రెండోసారి చదివేటప్పటికే ఆమె ఒక మాట తప్పితే నేను పట్టుకునేదాన్ని.

ఆ నవలలో కోటలాంటి ఒక పెద్ద దొరల గడిలో ఇద్దరు వంటమనుషులు. అందులో ఒకామెకు మెల్లగా చూపు పోతుంది. ఆ సంగతి దొరసానికి తెలిస్తే గడి దాటించి పంపేస్తుంది. అందుకని రెండో ఆమె ఎవరికీ చెప్పదు. ఉప్పు డబ్బా, కారం డబ్బా ఎప్పుడూ ఒకే చోట పెడుతుంది. నడిచేటప్పుడు గాజులు గలగలలాడిస్తూ ముందు పోతుంది, ఆ చప్పుడు పట్టుకుని చూపు లేనామె వెనక నడుస్తుంది. అట్లా ఏళ్లకేళ్లు దాస్తుంది. చివరకు ఒకనాడు దొరసానికి తెలిసిపోతుంది. తెలిసి ఆమె కోప్పడదు, ఏడుస్తుంది, ఇద్దరినీ గడిలోనే ఉంచుకుంటుంది.

ఆ కథ నేను తోటలో సాలు వెంబడి చెప్పుకుంటూ పోతుంటే మా గుంపు ఆడవాళ్లందరూ చేతులు ఆడిస్తూ వినేవాళ్లు. చివరికి వచ్చేసరికి ఎవరో ఒకరు అందుకునేవాళ్లు.

"గంత మంచి దొరసాని ఏ ఊర్లున్నదే? జర పేరు చెప్పు, రేపే పోయి పనికి కుదురుత."

"నువ్వు పోతే గంత మంచి దొరసాని గూడ ఎల్లగొడ్తది. కూర్ల ఉప్పే ఎయ్యవు నువ్వు."

"ఉప్పెక్కువ తింటే బీపీ అని నర్సమ్మ చెప్పలేదానే?"

నవల చదివినామె మాత్రం నవ్వేది. "కథల దొరసాని గదా, దానికి కూలి ఇచ్చే పని లేదు. ఎంతసేపన్న ఏడుస్తది" అనేది.

పోయిన ఏడాది పత్తి ఏరడానికి జనగామ వైపు పోయాం. ఒక మధ్యాహ్నం సద్దులు తిని అందరూ వేపచెట్టు కింద ఒరిగితే, ఆమె నన్ను ట్రాక్టర్ చాటుకు పిలిచింది. నా చెయ్యి పట్టుకుని తన ఎడమ రొమ్ము కింద పెట్టుకుంది.

"గిది చూడు."

రేగుపండంత గడ్డ. పండులా మెత్తగా లేదు, గింజలా గట్టిగా ఉంది.

"ఎన్ని రోజులయిందే?"

"బతుకమ్మ పండుగకు ముందు సంది. నొప్పి లేదు."

"నొప్పి లేకుంటే ఏంది? రేపే దవాఖానకు పోదాం నడువు."

"మా అవ్వ దవాఖానకు కాళ్ల మీద నడుసుకుంట పోయింది. చెద్దర్ల సుట్టి తెచ్చిండ్రు. నేను పోను."

"మీ ఆయనకన్న చెప్పు."

"గీ జాగల గడ్డయిందని మగోనికి ఏమని చెప్పాలె? రేపటికి ఊరంత చెప్తడు. మేస్త్రి అక్క రోగిష్టిదని ఒక్కనాడు గూడ ఆటో ఎక్కనియ్యది. మిర్చి ఏరుడు అయిపోనీ. అటెనుక నువ్వే తోలుకపో, వస్త. అప్పటిదాక ఎవ్వలకు చెప్పనని ఒట్టెయ్యి."

ఆమె నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకుంది.

"ఆ గడిల ఉన్నామె ఎవలకన్న చెప్పిందానే? నువ్వు చెప్తవా?" అని నవ్వింది.

ఒట్టు వేశాను. ఇక్కడ నిజం చెప్పకపోతే ఇదంతా చెప్పి లాభం లేదు. ఆ నిమిషం నాకు భయం కన్నా మురిపెం ఎక్కువైంది. ఇన్నేళ్లు నోటితో చెప్పిన కథలో నాకూ ఒక పాత్ర దొరికినట్టయింది.

మిర్చి కాలానికి మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ వైపు తోటలకు పోయాం. దూరం కాబట్టి చేను దగ్గరే రేకుల కొట్టంలో ఉండి పనిచేయాలి. మేస్త్రి అక్కను బతిమాలి ప్రతిరోజూ ఆమె సాలు నా పక్కనే వేయించుకున్నాను. మొదట ఆమె వాటాలో పావు వంతు ఏరాను. తరువాత సగం. ఎడమ చెయ్యి పైకి లేవకుండా అయ్యాక ఆమె ఊరికే ఆకులు కదిలిస్తూ నడిచేది, రెండు సాళ్లూ నేనే ఏరేదాన్ని. దూరం నుంచి చూసేవాళ్లకు ఇద్దరం సమానంగా పోతున్నట్టే ఉండేది.

"మీ ఇద్దరు జోడెడ్ల లెక్క పోతాండ్రు. ఓ పిల్లలూ, గీళ్లను చూసి నేర్చుకోండ్రి" అని మేస్త్రి అక్క కేకేసేది.

ఆమె నా వైపు చూసి కన్ను కొట్టేది. నేను ఇంకా జోరుగా ఏరేదాన్ని.

కారం పడకుండా అందరం చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల అంగీలు తొడుక్కుంటాం, కాబట్టి ఎవరి ఒంట్లో ఏముందో కనబడదు. సాయంత్రం అయితే అందరి చేతులూ మండుతాయి. "మంట, మంట" అంటూ అందరూ కొబ్బరినూనె రాసుకుంటారు. ఆమె కూడా "మంట" అనేది. పదిహేను మంది అనే మాటే ఆమె అంటే, ఎవరు తల తిప్పి చూస్తారు? గడ్డ పగిలి నీరు కారడం మొదలయ్యాక, అందరికన్నా ముందు లేచి బోరు దగ్గర ఆమె అంగీ నేనే ఉతికేదాన్ని. వాసన వస్తోందని ఒకామె అంటే, తడి గుడ్డ కొట్టంలో ఆరేశాం, అందుకే అని చెప్పాను. అబద్ధం ఎంత తేలికగా వచ్చిందో.

ఒకరోజు చేను గట్టు మీదికి ఒక నర్సమ్మ స్కూటీ మీద వచ్చింది. వలస కూలీలను చూసి రమ్మన్నారట. బీపీ చూసింది, గోలీలు ఇచ్చింది. పోయే ముందు అందరినీ నిలబెట్టి అడిగింది.

"ఇంకెవ్వలకన్న ఏమన్న బాధ ఉన్నదా అమ్మా? ఒంట్ల గడ్డలు గిట్ల, తెల్లబట్ట గిట్ల? సిగ్గుపడొద్దు, చాటుకు పిలిచి చూస్త."

ఆమె నా పక్కనే ఉంది. తల తిప్పి నా కళ్లలోకి చూసింది. అంతే, చూసింది.

నేను అన్నాను. "మాకేం రోగాలు తల్లీ? మిర్చి మంటకు గోలీ ఉంటే ఇయ్యి, తలా రెండు మింగుతం."

అందరూ పక్కున నవ్వారు. నర్సమ్మ కూడా నవ్వింది. పుస్తకంలో ఏదో రాసుకుని స్కూటీ ఎక్కి పోయింది. అది మట్టి దారి, దుమ్ము చాలాసేపు నిలబడింది. పరుగెత్తితే అందుకునేదాన్నే.

హోలీకి ముందు ఒక ఉదయం సాలు మధ్యలో ఆమె కూర్చుండిపోయింది. పడలేదు, అరవలేదు, కాళ్లు మడుచుకుని కూర్చుంది. లేపబోతే అంగీ ముందంతా తడి. ఆటోలో వేసుకుని మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ అంగీ విప్పి చూసి ముఖం నా వైపు తిప్పింది.

"ఎన్ని నెలల సంది ఉన్నదమ్మా ఇది?"

"నాకు తెల్వది మేడం" అన్నాను.

అక్కడి నుంచి పెద్ద దవాఖానకు పంపారు. అక్కడ ఫోటోలు తీసి, ఎముకల్లోకి పాకింది, ఇక ఇంటి దగ్గర బాగా చూసుకోండి అన్నారు. నాలుగు నెలల ముందు వచ్చినా చేసేది ఉండేదని చెప్పారు. కోపంగా చెప్పి ఉంటే బాగుండేది. మామూలుగా చెప్పారు.

ఆమె భర్త, బిడ్డ వచ్చి మంచం దగ్గర నిలబడ్డారు. ఆయన నా వైపు తిరిగాడు.

"రాత్రి పగలు పక్కనే ఉంటివి గదా వదినా. నీకు ఎరుక లేదా?"

నేను నోరు తెరిచాను. మంచం మీది నుంచి ఆమె గొంతు వచ్చింది. "దానికేం తెల్వది. నేనే దాసిపెట్టుకున్న. దాన్ని ఒక్క మాట అనొద్దు."

నేను నోరు మూసుకున్నాను. ఆ తరువాత మూడు నెలలు ఆ ఇంటికి పోతూ వస్తూ ఉన్నాను, ఆయన నాకు కుర్చీ వేసేవాడు, బిడ్డ చాయ్ పెట్టేది. నేను తాగేదాన్ని.

ఒకనాడు మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. గంజి తాగిస్తుంటే నాకు ఆగలేదు.

"ఒట్టు తప్పినా బాగుండు. నువ్వు తిట్టినా పడుదును."

ఆమె చెంచా పక్కకు నెట్టింది. "ఆ గడిలున్న గుడ్డిదానికి నొప్పి లేదే. అందుకే ఎన్నేండ్లన్న దాగింది" అన్నది. మళ్లీ అన్నది. "నాకంటే సావు భయం, చెప్పలే. నువ్వు దేనికి భయపడ్డవే?"

గంజి చెంచా నా చేతిలోనే ఉంది. నేను దేనికీ భయపడలేదని ఆమెకు ఎట్లా చెప్పాలి?

తొలకరి పడ్డ వారానికి ఆమె పోయింది. ఆ నవల ఆ ఇంట్లోనే ఎక్కడో ఉండాలి. నేను అడగలేదు. తోటలో ఎవరైనా ఆ కథ చెప్పమంటే గొంతు బాగాలేదంటాను.

ఈ ఏడు పత్తికి ఆమె బిడ్డ మా గుంపులో చేరింది. ఇరవై ఏళ్లు ఉంటాయి, చేతులు ఇంకా పనికి తిరగలేదు. మేస్త్రి అక్క ఏమీ ఆలోచించకుండా "మీ అమ్మ జాగల నువ్వు నిలబడు" అని నా పక్కన వేసింది. ఆ పిల్ల వెనకబడుతుంటే నా చెయ్యి దానంతటదే ఆమె చెట్టు మీదికి పోయింది.

"మా అమ్మ సాలు గూడ నువ్వే ఏరినవట గదా పెద్దమ్మా" అన్నది ఆ పిల్ల. "అమ్మ రోగం సంగతి తెలిసినంక గుంపుల అందరు ఇప్పుడు గదే చెప్తాండ్రు. నీ అసొంటి సోపతి మా అమ్మకు దొరికింది, అదొక్కటన్న మంచిగ జరిగింది."

ఆ మాట రెండు రోజులు మోశాను. మూడో రోజు చెప్పేశాను. ట్రాక్టర్ చాటున గడ్డ చూడటం, ఒట్టు, అంగీ ఉతకడం, నర్సమ్మ రావడం, నేను అందరినీ నవ్వించడం, అన్నీ. విన్నది విన్నట్టు చెప్పడం నాకు అలవాటు కదా, ఒక్క మాట విడవకుండా చెప్పాను. ఆ పిల్ల చేతిలో పత్తి పట్టుకుని నిలబడి విన్నది.

"నర్సమ్మ అడిగినప్పుడు మా అమ్మ నీ దిక్కు చూసిందంటివి గదా?"

"చూసింది బిడ్డా."

"ఏమని చూసింది? చెప్పుమనా, చెప్పొద్దనా?"

ఆ చూపు నా కళ్ల ముందు ఇప్పటికీ ఉంది. కనురెప్ప మీద అంటిన కారం దుమ్ము కూడా గుర్తుంది. కానీ అందులో ఏముందో నేను ఆ రోజు చూడలేదు, చూసే తీరిక నాకు లేదు. నేను అప్పటికే నవ్వించే మాట వెతుక్కుంటున్నాను.

"నాకు తెల్వది బిడ్డా" అన్నాను.

డాక్టరమ్మకు చెప్పిన మాటే అది. అప్పుడు అబద్ధం, ఇప్పుడు నిజం. ఆ పిల్ల నడుముకు కట్టుకున్న ఒడి విప్పి పత్తి బస్తాలో పోసింది. పోయి మేస్త్రి అక్కతో ఏదో అన్నది. మేస్త్రి అక్క ఆమెను చేను అవతలి అంచున వేసింది. ఆ సాయంత్రం ఆటోలో కూడా నా పక్కన కూర్చోలేదు.

మరుసటి వారం నుంచి చిట్యాల వాళ్ల గుంపుతో పోతోంది. మా ఇళ్లు దగ్గరే కాబట్టి పొద్దున ఆటో కోసం ఇద్దరం ఒకే మూల మీద నిలబడతాం. వాళ్ల ఆటో ముందు వస్తుంది. అది వచ్చేదాకా ఆ పిల్ల రోడ్డు వైపే చూస్తుంది. నేను కూడా రోడ్డు వైపే చూస్తాను.