మాస్టారి నడుము ముప్పైనాలుగు

కుట్టు శిక్షణ కేంద్రంలో మాస్టారు ఇరవై రెండేళ్లుగా ప్యాంట్లు కత్తిరించడం నేర్పుతున్నారు. అన్నీ పాత పేపర్ల మీదే. ఆ ప్యాంట్లు ఎవరూ తొడుక్కోరు కాబట్టి ఒక్కటీ బిగుతైందని వెనక్కి రాలేదు. దాంతో తనంత దర్జీ లేడని ఆయనకు గట్టి నమ్మకం. ఇప్పుడు ఆయనే నవ్వుకుంటారు. “నేను కత్తిరించిన ప్యాంటు వేసుకుని ఒక్కడైనా వీధిలో నడిచుంటేగా నా బండారం బయటపడేది!” అంటారు.

ఈ ఏడు పైవాళ్లు పద్ధతి మార్చారు. ఇక పేపర్లు కుదరవు; నేర్చుకునేవాళ్లు ఒక్కొక్కరూ ఒక మనిషికి నిజంగా బట్టలు కుట్టాలి, ఆ మనిషి పరీక్షనాడు అవి వేసుకుని నిలబడాలి. ఎవరు ఎవరికి కుట్టాలో చీటీలు తీశారు. మాస్టారి పేరు ఆయన దగ్గరే కుట్టు నేర్చుకుంటున్న ఆస్పత్రి ఆయాకు వచ్చింది. పదిహేనేళ్లుగా వార్డులు తుడిచి తుడిచి ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. పాసైతే ఆస్పత్రి కుట్టుగదిలో ఉద్యోగం ఇస్తామన్నారు. లేకపోతే మళ్లీ తడిగుడ్డే.

ఆయా టేపు పట్టుకుని వచ్చింది.

“టేపెందుకమ్మా? నా కొలతలు నాకు నోటికొచ్చు. నడుము ముప్పైనాలుగు, రాసుకో.”

ఆ ముప్పైనాలుగు పెళ్లినాటిది. తర్వాత పొట్ట తన పని తాను చేసుకుపోయింది, అంకె మాత్రం మాస్టారి నోట్లో అక్కడే ఆగిపోయింది. ఆయా ఆయన పొట్ట వంక ఓసారి, మొహం వంక ఓసారి చూసి రాసుకుంది.

పరీక్షనాడు మాస్టారు తెర చాటున బొత్తాంతో కుస్తీ పట్టి, ఓడి, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని బయటికొచ్చారు. క్లాసంతా గొల్లున నవ్వింది. పరీక్షకు వచ్చిన అధికారిణి మాత్రం నవ్వలేదు.

“కొలతే తప్పితే ఇక పాసేమిటి?” అంటూ పెన్ను తీసింది.

ఆయా తల వంచుకుంది. తాను నోరు మెదపకపోతే నెపం ఆవిడ మీదకే పోతుందని, తాను తప్పించుకోవచ్చని మాస్టారి బుర్రకు తట్టింది. తట్టినందుకే ఆయనకు చచ్చేంత సిగ్గేసింది.

“తప్పు నాదండీ. టేపు తెస్తే నేనే వద్దన్నాను. అబద్ధం కొలత చెప్పాను.”

“మరి చూస్తే మీకు తెలియలేదా?” అని అధికారిణి ఆయాను అడిగింది.

“తెలిసిందండి.” ఆయా పుస్తకం తెరిచి చూపించింది. మాస్టారు చెప్పింది ముప్పైనాలుగు, చూస్తే ముప్పైఏడు అని రెండూ రాసి ఉన్నాయి. “అందుకే విప్పితే వదులయ్యేలా వెనక కుట్టులో బట్ట ఎక్కువ వదిలాను. కానీ మాస్టారి మాట కాదంటే ఫెయిల్ చేస్తారేమోనని భయమేసింది.”

మాస్టారి ప్రాణం ఉసూరుమంది. ఇన్నేళ్లలో తాను అందరికీ బాగా నేర్పిన పాఠం ఆ భయం ఒక్కటే.

“గంట టైమిస్తాను. సరిచేసి చూపించండి,” అంది అధికారిణి.

ఆయా టేపు తీసి మాస్టారి నడుము చుట్టూ వేసింది. ఆయన చటుక్కున పొట్ట లోపలికి లాక్కున్నారు. అందరూ చూస్తున్నారు మరి! ఆయా అంకె చదవలేదు.

“ఊపిరి వదలండి మాస్టారూ. నాకీ ఉద్యోగం కావాలి.”

మాస్టారు వదిలారు.

“ముప్పైఎనిమిది,” అని ఆయా క్లాసంతా వినేలా చదివింది.