చేపమందు

సంతలో ఉప్పు కొన్నా చిటికెడు నాలుక మీద వేసుకుని చూసిగాని మూట కట్టని మనిషి యర్రమ్మ. అటవీశాఖ వాళ్ళు నవ్వుతూ పలకరించారంటే ఆ పూట ఆమెకు అన్నం సహించేది కాదు.

ముంచింగిపుట్టు అవతల కొండవాలులో ఆమె గూడెం. డెబ్బైల్లో వచ్చిన ఒక తుఫానుకు పక్కనున్న గెడ్డవాగు పొంగి ఇళ్ళ మీద పడింది. నీరు తీసీ తీయకముందే వాంతులూ విరేచనాలూ అందుకున్నాయి. కొడుకు సోములు పోయాడు. ఇప్పుడు మనవరాలు సుక్రి పడకేసింది.

అప్పుడొచ్చాడు అప్పలస్వామి, మైదానం నుంచి, ఆరోగ్యశాఖ మనిషి. సంచిలోని తెల్ల పొడి ఊటచెలమలో కుమ్మరించి, గెడ్డ నీళ్ళు మానేసి ఇవే తాగమన్నాడు. కాసేపటికి చెలమలో చేపపిల్లలు వెల్లకిలా తేలాయి.

గూడెం బిగుసుకుపోయింది. ఎండాకాలం చేపలు పట్టడానికి మడుగులో బెరడు దంచి కలిపితే అవి అచ్చం అలాగే తేలతాయి. మరి ఈ మందు ఎవర్ని పట్టడానికి? కాఫీతోటలు వెయ్యడానికి ఈ వాలంతా సర్కారుకు కావాలట అని సంతలో విన్నదే.

యర్రమ్మ అతని దారికి అడ్డం నిలబడింది. "ఏటి కలిపినావు బాబూ?"

"పురుగుమందప్పా. రోగం తెచ్చే పురుగు సస్తాది."

"ఏదా పురుగు? సూపించు."

"కంటికి అవుపడదు."

"అవుపడని పురుగు కోసం తెచ్చిన మందు అవుపడే సేపనెందుకు సంపింది?"

అప్పలస్వామి మొహం దించుకున్నాడు. "మోతాదు మించిపోనాది. నాదే తప్పు. ఈ నీరు తోడి పారబోద్దాం. కొత్త ఊట వచ్చాక సరిగ్గా ఏస్తాను."

యర్రమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది. కొండెక్కి వచ్చిన ఏ ఉద్యోగీ ఆమె ఎరుకలో తప్పు నాదని అనలేదు. ఇది కూడా ఎత్తేమో! అయినా గుడిసెలో సుక్రి పెదాలు ఎండిపోతున్నాయి.

చెలమ తోడారు. కొత్త నీటిలో ఈసారి కొలిచి వేశాడు. ఆ నీటిని యర్రమ్మ మరిగించి చల్లార్చి, అతను చెప్పినట్టే ఉప్పూ బెల్లమూ కలిపింది. ముందు తాను తాగింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"బేగి పట్టప్పా, గుంటపిల్ల సోలిపోతంది," అన్నాడతను.

"నువ్వు కదలకు. దీనికేటైనా అయితే నిన్ను కొండ దిగనివ్వను."

తనకేమీ కాలేదని చూసుకుని, సుక్రి నోట్లో ఒక్కో గుక్కా పోసింది. మొదటిది పిల్ల కక్కేసింది. మళ్ళీ పోసింది. చాలాసేపటికి సుక్రి కళ్ళు విప్పి, "ఇంకా," అంది.

యర్రమ్మ అప్పలస్వామి వైపు తిరిగింది. మొహంలో నవ్వు లేదు.

"ఏటి సూత్తన్నావు? పొయ్యి ఎగదొయ్యి. ఇంకో కుండ మరగాల."